చిన్న విద్యుత్కారు ఏమైనది?

“విద్యుత్కారు మనవంటి రైతుల కేల?” అని మన సంఘ సభ్యులు కొందఱు నన్నడుగుచున్నారు. వారికి కానవచ్చునవి పెద్ద బండ్లే గనుక సందేహము న్యాయమైనదే. ఆరంభమున నట్లు లేదు.

2001లో బెంగుళూరునుండి వెలువడిన రేవా, రెండు తలుపుల చిన్న కారు. ఒకసారి విద్యుత్తు నింపిన సుమారు 80 కిలోమీటర్లు నడచెడిది. సంత కేఁగి వచ్చుటకు అది చాలును. అయితే దాని సీసపు బ్యాటరీలు బరువైనవి. కొన్నియేండ్లకే మార్చవలసి వచ్చెడివి. 2010లో మహీంద్రావారు ఆ సంస్థను చేపట్టి, 2013లో లిథియం బ్యాటరీతో ఈ2ఓ అను కారును తెచ్చిరి. కేంద్రప్రభుత్వపు సహాయధనము 2012లోనే నిలిచిపోయి యుండెను. కొనువారు కొలఁదిమందియే యైరి. 2019 నాటికి ఆ చిన్నకార్ల తయారీ ఆగినది.

పిదప 2023లో ఎక్స్‌యూవీ 400, 2024 నవంబరులో బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ. ఈ కడపటివాని పెద్ద బ్యాటరీ 79 యూనిట్లు పట్టును. అంత విద్యుత్తుతో మన 5 హెచ్.పి. పంపుసెట్టు పదునైదు గంటలకు పైగా నీరు తోడును! ప్రకటించిననాఁటి ప్రారంభపు వెలయే 18 లక్షలు దాటినది.

క్రొత్త యంత్రమును ధనికులు ముందుగాఁ గొనుట సహజము. కాని బ్యాటరీల వెల 2013 నాఁటికంటె మిక్కిలి తగ్గినది. ఆ లాభమంతయు వేగమునకును, విలాసమునకును పోవుట నాకు సమ్మతము గాదు. చిన్నకారు అసాధ్యమందురా? టాటావారు 2022లో టియాగో విద్యుత్కారును తెచ్చిరి గదా! మనకు ట్రాక్టర్లమ్ము సంస్థను మనమడుగవలసినది ఇంతే: నలుగురు కూర్చుండి, వెనుక రెండు పాలక్యానులు పెట్టుకొని, 150 కిలోమీటర్లు పోఁగల కారు. మన ట్రాక్టర్లు బాగుచేయు షెడ్డులోనే దానికిని మరమ్మతు జరుగవలయును.