కష్టార్జితానికి కాగితం కావాలి

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంతకు రెండేళ్ల ముందే, 2017లో, ప్యారిస్ నగరంలో అరకు పేరుతోనే ఒక కాఫీ దుకాణం తెరుచుకుంది. తూర్పు కనుమలలో ఆదివాసీ రైతు పండించిన గింజ సముద్రాలు దాటుతోంది, దాని ధర బ్యాంకుల గుండా ఈ దేశానికి తిరిగి వస్తోంది. ఆ ధరలో రైతు వాటా ఎంత అన్నది వేరే చర్చ. కానీ సరుకు ఎక్కడిది, కొన్నది ఎవరు, వచ్చిన సొమ్ము దేనికి అని ఎవరడిగినా చూపడానికి పత్రాలుంటాయి.

ఇప్పుడు కంటికి కనిపించని మరో ఎగుమతి మొదలైంది. వెబ్‌సైట్ల తయారీ, వీడియో ఎడిటింగ్, గ్రాఫిక్ డిజైన్, అనువాదం, ఆన్‌లైన్ బోధన వంటి పనులను మన యువతీ యువకులు ఇంట్లో కూర్చునే విదేశీ ఖాతాదారులకు చేసిపెడుతున్నారు. హైదరాబాదు, విశాఖ నగరాలలో మొదలైన ఈ పని సెల్ టవర్లతో పాటు పాడేరు, అరకు కొండలకూ ఎక్కుతోంది. పని నిజమైనది, కష్టం నిజమైనది. చిక్కంతా కూలి చేతికందే దారిలోనే ఉంది. "బ్యాంకు ద్వారా అయితే ఆలస్యం, పైగా ఖర్చు. క్రిప్టోలో రెండు నిమిషాల్లో పంపేస్తాను" అని అవతలివాడు అన్నప్పుడు ఏం చేయాలి? ఈ ప్రశ్నను మన కుటుంబాలు తేలికగా తీసుకోరాదని మేము భావిస్తున్నాము.

భూమి లేనివారి బతుకుదెరువు

మన్యంలో ఈ ఉపాధికి ఒక ప్రత్యేకత ఉంది. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు ఆ రక్షణను మరింత బలపరిచింది. ఆ చట్టం న్యాయమైనది, దానిపై మాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే దాని ఫలితంగా కొండలపై చిన్న వ్యాపారాలు, చేతివృత్తులు చేసుకుని బతికే ముస్లిం కుటుంబాలకు బ్యాంకులో తాకట్టు పెట్టడానికి పట్టా ఉండదు. పట్టా ఉన్న ఆదివాసీ కుటుంబపు బిడ్డకు చదువు ఉన్నా కొండ దిగితే తప్ప ఉద్యోగం దొరకదు. ఇద్దరికీ ల్యాప్‌టాప్ ఒక కొత్త చేను. ఆ చేనులో పండిన పంట దళారి పాలు కాకుండా చూడటమే ఇప్పుడు మన ముందున్న పని.

ఆకర్షణ అబద్ధం కాదు

క్రిప్టో వైపు వెళ్లే యువకులను దురాశాపరులని కొట్టిపారేయడం అన్యాయం. మూడు వందల డాలర్ల పనికి విదేశం నుంచి బ్యాంకు బదిలీ చేస్తే పంపే బ్యాంకు రుసుము, మధ్యలోని బ్యాంకు రుసుము, మారకపు రేటులో కోత అన్నీ కలిసి కూలిలో కొంత భాగాన్ని మింగేస్తాయి. డబ్బు చేరడానికి రోజులు పడుతుంది. చేరాక కూడా "ఇది దేని సొమ్ము?" అని శాఖలో అడిగితే జవాబు చెప్పడం తెలియక యువకుడు తడబడతాడు. చెప్పినా, చిన్న ఊళ్ల శాఖల్లో ఆ పత్రాలతో అలవాటున్న సిబ్బంది అరుదు. వలస కార్మికులు ఇంటికి పంపే సొమ్ముపై ఖర్చును 2030 నాటికి మూడు శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది. అంటే ఈ భారం ప్రపంచమంతటా పేదవాడి మీదే పడుతోందని అందరూ ఒప్పుకున్నట్టే. డాలరుతో ముడిపెట్టిన యూఎస్‌డీటీ వంటి నాణేలు ఆ ఖాళీలోకే చొరబడ్డాయి.

కాబట్టి క్రిప్టోలో డబ్బు త్వరగా వస్తుందా అన్న దానిపై మాకు సందేహం లేదు. వచ్చిన తరువాత అది ఎవరి చేతుల మీదుగా రూపాయిగా మారుతుందన్నదే మా ప్రశ్న.

రూపాయిగా మారే చోట

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. అరకులో ఒక యువకుడికి తన పనికి మూడు వందల డాలర్ల విలువైన యూఎస్‌డీటీ అందింది. ఎక్స్ఛేంజీలోని పీ2పీ విభాగంలో, అంటే మనిషికి మనిషి నేరుగా అమ్ముకునే చోట, నాలుగు రూపాయలు ఎక్కువిస్తానన్న అపరిచితుడికి అమ్మాడు. యూపీఐలో డబ్బు పడింది. అంతా సవ్యంగానే ఉంది.

ఆ రూపాయలు ఎక్కడివి? మరో రాష్ట్రంలో ఎవరో వృద్ధుణ్ణి మోసం చేసి కాజేసినవి కావచ్చు. ఆ వృద్ధుడు 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తాడు. పోలీసులు సొమ్ము వెళ్లిన దారి పట్టుకుని ఒక్కో ఖాతానూ నిలుపుదల చేయిస్తూ వస్తారు. చివరికి అరకు యువకుడి ఖాతా ఆగిపోతుంది. అందులోనే తల్లి పింఛను, చెల్లెలి ఉపకార వేతనం, ఇంటి అద్దె డబ్బు ఉంటాయి. వందల మైళ్ల దూరంలోని పోలీసు స్టేషనుకు వచ్చి సంజాయిషీ ఇవ్వమంటారు. తాను ఎవరికి ఏ పని చేశాడో చూపడానికి అతని దగ్గర ఇన్వాయిస్ లేదు, ఒప్పందం లేదు. ఉన్నది అక్షరాలూ అంకెలూ కలగలిసిన ఒక వాలెట్ చిరునామా మాత్రమే.

దొంగ సొమ్ము తన ఖాతాలోకి వచ్చిందని ఆ యువకుడికి తెలియదు. కానీ తెలియదని నిరూపించుకోవలసిన భారం ఆచరణలో అతనిదే అవుతుంది. మిగిలిన నాలుగు రూపాయల కోసం అతను కొనుక్కున్నది ఈ భారాన్నే.

చట్టం ఎక్కడ నిలుచుంది

క్రిప్టో మన దేశంలో నిషిద్ధమని కొందరు, పూర్తిగా చట్టబద్ధమని కొందరు అంటారు. రెండూ సగం నిజాలే. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఈ వ్యాపారానికి బ్యాంకు సేవలు ఆపమని ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజీలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి. కొనడం, అమ్మడం నేరం కాదు. అలాగని అది కరెన్సీ కూడా కాదు. విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం, అనగా ఫెమా, ఎగుమతి సొమ్ము అధీకృత బ్యాంకుల ద్వారా రావాలని కోరుతుంది. వాలెట్‌లో పడిన నాణేనికి ఏ బ్యాంకూ విదేశీ చెల్లింపు ధ్రువపత్రం ఇవ్వదు.

పన్నుల లెక్క కూడా తెలుసుకోవాలి. కూలిగా అందిన నాణెం విలువ అందిన రోజే ఆదాయం కింద లెక్క. దాన్ని తరువాత అమ్మితే వచ్చే లాభంపై 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను ఉంది. మామూలు పన్ను మినహాయింపు పరిమితి ఈ లాభానికి వర్తించదు. నష్టం వస్తే దాన్ని మరో ఆదాయంలో సర్దుబాటు చేసుకోవడానికి వీల్లేదు. అమ్మకంపై ఒక శాతం టీడీఎస్ 2022 జూలై నుంచి అమలులో ఉంది. ఏడాదికి 20 లక్షలు దాటి సంపాదించేవారికి జీఎస్టీ చిక్కు అదనం. విదేశీ మారకద్రవ్యంలో చెల్లింపు అందితేనే సేవల ఎగుమతిగా పన్ను లేకుండా పోతుంది. ఆదివాసీలకు ఆదాయపు పన్ను ఉండదన్న నమ్మకం కొందరిలో ఉంది. ఆ మినహాయింపు ఈశాన్య రాష్ట్రాలు, లదాఖ్ వంటి కొన్ని ప్రాంతాల గిరిజనులకే. ఐదవ షెడ్యూలు కిందికి వచ్చే మన అరకు, పాడేరులకు అది లేదు.

ఇక ఎక్స్ఛేంజీయే కూలిపోతే? 2024 జూలై 18న వజీర్‌ఎక్స్‌పై దాడి చేసి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలను దొంగలు ఎత్తుకుపోయారు. సామాన్యులు దాచుకున్నది వెనక్కి తీసుకోవడానికి ఏడాదికి పైగా ఎదురుచూడవలసి వచ్చింది. బ్యాంకు డిపాజిట్‌కు ఐదు లక్షల వరకూ బీమా ఉంది. వాలెట్‌లోని నాణేనికి ఆ రక్షణ లేదు.

మన పేరుకు రెండో అనుమానం

ఈ కష్టాలు అన్ని మతాల యువకులకూ ఉమ్మడివే. అయితే నిలిచిపోయిన ఖాతాపై ముస్లిం పేరు ఉంటే ప్రశ్నలు అక్కడితో ఆగవన్న సంగతి మన కుటుంబాలకు చెప్పనక్కరలేదు. "హవాలా" అన్న మాటనే చూడండి. ఫిఖ్‌లో అది ఒకరి బాకీని మరొకరికి బదలాయించే గౌరవప్రదమైన ఒప్పందం. గల్ఫ్ వలసల కాలంలో బ్యాంకు చేరని ఊళ్లకు కూలి డబ్బు చేర్చిన పద్ధతికీ ఆ పేరే వచ్చింది. ఈనాడు ఆ మాట వినిపిస్తే నేరమే గుర్తొస్తుంది. గల్ఫ్‌లో ఎండలో చెమటోడ్చిన మన పెద్దల సొమ్ము, కాగితం లేని కారణంగా, అనుమానపు సొమ్ము అయింది. అదే పొరపాటు మనవళ్ల కాలంలో కొత్త సాంకేతికతతో పునరావృతం కాకూడదు. అనుమానించేవాడి వివక్షపై పోరాడవలసిందే. ఆ పోరాటంలో మన చేతిలో ఉండవలసిన మొదటి ఆయుధం సక్రమమైన లెక్క. లావాదేవీని రాసి పెట్టుకోవడం ఖుర్‌ఆన్ మనకు నేర్పిన క్రమశిక్షణే కదా.

క్రిప్టో హలాలా, హరామా అన్న చర్చలో ఉలమా ఏకాభిప్రాయానికి రాలేదు. ఈజిప్టు దారుల్ ఇఫ్తా బిట్‌కాయిన్‌ను తోసిపుచ్చింది. 2021లో ఇండోనేషియా ఉలమా మండలి దాన్ని కరెన్సీగా వాడటం హరామ్ అన్నది. మలేషియాలోని షరియా సలహా మండలి నమోదైన ఎక్స్ఛేంజీలలో వ్యాపారాన్ని 2020లో అనుమతించింది. ఆ తీర్పు చెప్పే అర్హత మాది కాదు. అయితే శ్రామికుడి ఉజ్రత్ అస్పష్టతలో పడరాదన్న సూత్రంపై ఎవరికీ భేదాభిప్రాయం లేదు.

ఖాతాకు బినామీ వద్దు

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసిన మాట మరొకటుంది. మన్యంలో భూమికి బినామీల చరిత్ర పాతది. చట్టాన్ని తప్పించుకోవడానికి ఆదివాసీ పేరున భూమి రాయించి బయటివారు అనుభవించారు. ఇప్పుడు ఖాతాలకు బినామీలు తయారవుతున్నారు. "నీ ఖాతా, సిమ్ము ఇవ్వు, నెలకు ఇంత ఇస్తాను" అని అడిగేవారు దేశమంతటా ఉన్నారు. చదువుకోని పొరుగువాడి ఖాతాలోకి క్రిప్టో అమ్మిన సొమ్ము తెప్పించుకోవడం మన బిడ్డలెవరూ చేయకూడని పని. అమానత్‌కు అంతకంటే ద్రోహం లేదు. కేసు పడితే జైలుకు వెళ్లేది ఆ పొరుగువాడే.

ఈ గొలుసు ఎంత దూరం పోతుందో 2024 మే నెలలో మనం చూశాము. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి ఉత్తరాంధ్ర యువకులను కంబోడియాకు తరలించి, అక్కడ నిర్బంధించి సైబర్ మోసాలు చేయించిన ముఠాల సంగతి విశాఖ పోలీసులు బయటపెట్టారు. అటువంటి ముఠాలు కాజేసిన సొమ్మే ఖాతాలు మారి, క్రిప్టోగా మారి దేశం దాటుతుంది. పీ2పీలో అవతల ఉన్న అపరిచితుడు ఆ గొలుసులోని కడపటి కొక్కెం కావచ్చు.

ఏం చేయాలి

యువకులకు మా సూచన సూటిగా ఉంటుంది. బ్యాంకునో, రిజర్వు బ్యాంకు నిబంధనల కింద పనిచేసే విదేశీ చెల్లింపు సంస్థనో ఎంచుకోండి. 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఇటువంటి సంస్థలకు ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. వారం వారం కాక నెలకొకసారి కలిపి తెప్పించుకుంటే రుసుము భారం తగ్గుతుంది. ఆ రుసుమును ధరలోనే కలిపి అడగండి. ప్రతి పనికీ ఇన్వాయిస్ రాయండి, మాట్లాడుకున్న సందేశాలు భద్రపరచండి, ధ్రువపత్రం అడిగి తీసుకోండి. ఇంటి ఖర్చుల ఖాతా, పని ఖాతా వేరుగా ఉంచండి. ఇప్పటికే క్రిప్టో అంది ఉంటే అపరిచితులకు అమ్మకండి. దేశంలో నమోదైన ఎక్స్ఛేంజీలో సొంత పేరున అమ్మి, తేదీ, విలువ రాసుకుని, రిటర్నులో చూపండి. ఇది ఫెమా చిక్కును పూర్తిగా తీర్చదు గాని, దాచలేదన్న రుజువుగా నిలుస్తుంది.

ప్రభుత్వానికీ మా డిమాండ్లు ఉన్నాయి. చిన్న మొత్తాలు అందుకునే ఫ్రీలాన్సర్లకు రుసుము తక్కువగా ఉండే బ్యాంకు మార్గం కావాలి. పాడేరు ఐటీడీఏ, మైనారిటీ ఆర్థిక సంస్థలు కంప్యూటర్ శిక్షణతో పాటు ఇన్వాయిస్, బ్యాంకు పత్రాలు, పన్ను రిటర్నులు నేర్పాలి. ఖాతా ఆపినప్పుడు కారణం, కేసు వివరాలు వెంటనే తెలియజేయాలి. వివాదంలో ఉన్న మొత్తానికే నిలుపుదల పరిమితం కావాలి. కేరళ హైకోర్టు 2023లో ఈ దిశగానే చెప్పింది. దొంగను పట్టుకోవడానికి ఇంటిల్లిపాది అన్నం గిన్నె లాక్కోనక్కరలేదు.

ఇక మిగిలింది మన బాధ్యత. జుమా నమాజు తరువాత ఒక గంట, మసీదు ఆవరణలో లెక్కలు తెలిసిన ఒకరు కూర్చుని యువకుల కాగితాలు సరిచూస్తే చాలు. ఆ చాప మీద ఆదివాసీ పిల్లలకూ చోటుండాలి. కాఫీ గింజ తన కొండ పేరు చెప్పుకుని ప్యారిస్ దాకా వెళ్లగలిగింది. మన పిల్లల కష్టార్జితం కూడా తన పేరు చెప్పుకుని, తలెత్తుకుని ఇంటికి రావాలి.