ఎక్కడికి బయల్దేరారు?

ఆడది గుమ్మం దిగితే వీధి వీధంతా అడిగే ప్రశ్న ఇది. గుడికంటే సరే. కూరలకంటే సరే. పిల్లాడి స్కూలుకంటే మరీ సంతోషం. "ఎక్కడికీ లేదండీ, ఊరికే నడవడానికి" అని చెప్పి చూడండి! ఇంట్లో ఏదో గొడవైందని జాలిపడతారు.

మనం నడవకపోవడానికి బద్ధకమే కారణమని డాక్టర్లూ, మొగుళ్ళూ కలిసి తీర్పు చెప్పేశారు. నేనొప్పుకోను. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ఒక లెక్క వచ్చింది. 2022 నాటికి మన దేశంలో ఒంటికి చాలినంత కదలిక లేనివాళ్ళు మగవాళ్ళలో నూటికి 42 మంది, ఆడవాళ్ళలో 57 మందిట. బద్ధకమే అయితే ఈ 15 మంది తేడా ఎక్కణ్ణించి వచ్చింది? తెల్లారకుండా లేచి పాలు కాచేది ఎవరు మరి?

"పొద్దస్తమానం ఇంట్లో తిరుగుతూనే ఉంటాం, అది నడక కాదా?" అంటారు కొందరు. పొయ్యికీ సింకుకీ మధ్య నాలుగడుగులు. అది నిలబడటమే తల్లీ, నడక కాదు. కాళ్ళు పీకుతాయి నిజమే, ఆయాసం మాత్రం రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి కనీసం 150 నిమిషాలు. మాట్లాడగలిగేటట్టు, పాట మాత్రం పాడలేనట్టు ఉండాలి వేగం. ఒకేసారి చెయ్యాలనీ లేదు, కొంచెం కొంచెంగా చేసినా లెక్కలోకి వస్తుంది.

ఇంతకీ నాకు ఒళ్ళు మండింది అరకులో. మొన్న చలికాలంలో ఓ పదిమందిమి కలిసి వెళ్ళాం. విశాఖపట్నం నుంచి అద్దాల బోగీలో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, అక్కడ బస నుంచి పద్మాపురం తోటకి కారు, తోట నుంచి మ్యూజియానికి కారు! శుక్రవారం సంత. కొండ దిగి, నెత్తిన మూటలతో ఆడవాళ్ళు వస్తున్నారు. మాలో ఒకావిడ కారు అద్దం దించి, "చూశారా, నడక మహిమ! వీళ్ళకి బీపీలూ షుగర్లూ ఎందుకొస్తాయి?" అంది.

ఏం మహిమండీ? ఊరికి రోడ్డు లేక, బస్సు రాక నడుస్తోంది ఆవిడ. ఆ మన్యంలోనే నొప్పులొచ్చిన గర్భిణీని డోలీ కట్టి కొండ దింపారన్న వార్త పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు మనం? 2022లో అల్లూరి సీతారామరాజు పేరుతో జిల్లా వచ్చింది. డోలీ మాత్రం పోలేదు. గతిలేక నడిచే నడకని కార్లో కూర్చుని మెచ్చుకోవడం కంటే సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు. ఆవిడకి కావలసింది రోడ్డు, మన మెప్పు కాదు.

ఒక్కటి మాత్రం గమనించాను. వాళ్ళలో ఒంటరిగా వచ్చినవాళ్ళు తక్కువ. నలుగురైదుగురు కబుర్లాడుకుంటూ దిగుతున్నారు. మన వీధిలో మాత్రం నలుగురాడవాళ్ళు కలవాలంటే పేరంటం ఉండాలి!

అందుకని ముందు పక్కింటావిణ్ణి పట్టుకోండి. ఇద్దరున్నారంటే "ఎక్కడికి?" అనేవాళ్ళు సగమవుతారు. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. మొదటి వారం వీధి చివరికీ వెనక్కీ, ఓ 10 నిమిషాలు చాలు. రోజూ ఒకే వేళకి వెళ్ళాలి. మొదటి రోజే మూడు మైళ్ళు నడిచి, నాలుగో రోజు అమృతాంజనం రాసుకుని పడుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వీధిదీపం వెలగకపోయినా, ఫుట్‌పాత్ మీద స్కూటర్లు నిలబెట్టినా మునిసిపాలిటీకి కాగితం పెట్టండి. ఓట్లకొచ్చినవాళ్ళని కూర్చోబెట్టి కాఫీ ఇవ్వకుండా ఈ సంగతి అడగండి.

ఇంట్లో అనుమతి అడక్కండి. "వెళ్ళొస్తా" అని చెప్పండి, చాలు. అప్పుడు వెనక నుంచి ఓ కేక వినిపిస్తుంది, "ఫిల్టర్లో పొడి ఎన్ని చెంచాలు?" అని. మూడు అని చెప్పి, గేటు వేసి వెళ్ళండి.