ఎడమచేతి వాటానికో తుపాకి

కత్తెర దగ్గర్నుంచీ అన్నీ కుడిచేతి వాళ్లకోసమే. పుర్రచేతి వాటం వాళ్లు ఎలాగో సర్దుకుపోతుంటారు. అలాస్కా అడవిలో మూజ్ అనే భారీ దుప్పి ఎదురుపడితే మాత్రం ఆ సర్దుబాటు కుదరదు!

అమెరికాలో లైసెన్సు తీసుకుని వేటకెళ్లేవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది బోల్ట్ యాక్షన్ రైఫిల్. ఒకసారి పేల్చాక పిడి ఎత్తి వెనక్కి లాగాలి, ఖాళీ తొడుగు బయట పడుతుంది. ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికెళుతుంది. ఆ పిడేమో కుడివైపు! ఎడమ భుజానికి ఆనించి కాల్చే మనిషి ట్రిగ్గర్ మీది చేయి తీసి అవతలికి చాపాలి. వేడి తొడుగేమో ముఖం ముందు నుంచే ఎగిరిపోతుంది. ఈలోగా గాయపడిన జంతువు పొదల్లోకి దూరితే దాని బాధ వర్ణనాతీతం.

1959లో శావేజ్ కంపెనీ తన 110 మోడల్‌ను ఎడమవైపు పిడితో తెచ్చింది. ఇప్పుడు ఇతర కంపెనీలూ చేస్తున్నాయి గానీ, కుడిచేతి వాళ్లకున్నన్ని రకాలు దొరకవు. పిడి కిందుండే లీవర్ రైఫిల్ ఏ చేతికైనా సరే.

మరి తూటా? 1906లో అమెరికా సైన్యం కోసం వచ్చిన .30-06 మూజ్‌కి చాలు. భుజాన్ని అదరగొట్టే మ్యాగ్నమ్ కొని, పేల్చేముందే కళ్లు మూసుకుంటే ఏం లాభం? ఆఫ్రికాలో ఏనుగు, అడవిదున్నల వేటకి మాత్రం కొన్ని దేశాల్లో .375 కన్నా చిన్నది ఒప్పుకోరు. మనదేశంలో 1972 చట్టం ప్రకారం ఇప్పుడు సరదా వేటకి చోటే లేదు.

అన్నట్టు, కొనేముందు చూసుకోవాల్సింది చేయి ఒక్కటే కాదు, కన్ను కూడా. రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న గడియారానికి బొటనవేలు గురిపెట్టండి. ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉంచినప్పుడు వేలు కదలదో, గురి దానిదే!