ఫోన్ చేతిలో.. ప్రాణం ఎక్కడో!

వేగం చూసి మురిసే ముందు ఓఎస్ సంగతి అడగాలి.. శ్రీపెరంబుదూరు నేర్పిన పాఠం ఇదే

‘‘కొత్తది ఎప్పుడొస్తాదన్నా?’’

కొత్త మోడల్ ఫోన్ వస్తోందన్న వార్త పొక్కితే చాలు.. హోసూరు నుంచి కోలారు దాకా సెల్ దుకాణాల్లో కుర్రాళ్ల నోట ఇదే మాట. ప్రాసెసర్ ఏంటి? ర్యామ్ ఎంత? 5జీ ఎంత స్పీడొస్తాది? కెమెరా ఎట్లుంటాది? అన్నీ అడుగుతారు. ఒక్కటి మాత్రం అడగరు. లోపల ఏ ఓఎస్ ఉంది? అది ఎన్నేళ్లు బతుకుతుంది?

ఓఎస్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్. వేలు తగిలితే తెరను కదిలించేది అదే. అక్షరాన్ని తెర మీద గీసేది అదే. వాట్సప్‌ను, బ్యాంకు యాప్‌ను నడిపించేదీ అదే. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉన్నట్టు.. ఫోన్ మన జేబులో ఉన్నా దాని ప్రాణం ఎక్కడో ఉన్న కంపెనీ చేతిలోని ఓఎస్‌లో ఉంటుంది. అక్కడ చిలక గొంతు నులిమితే ఇక్కడ ఫోన్ కొట్టుకుంటుంది.

సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఈ సంగతి మిగతావారి కంటే ఎక్కువ పట్టాలి. ఆ ఫోన్లు తయారవుతున్నది ఈ చుట్టుపక్కలే. పైగా బడిలో తెలుగు దొరకని పిల్లలకు తెలుగు అక్షరం కనిపిస్తున్నదీ ఎక్కువగా ఆ ఫోన్‌లోనే.

ఏప్రిల్‌లో పండగ.. జూన్‌లో ఉసూరు

ఎదురుచూపులు ఎలా బెడిసికొడతాయో తెలియాలంటే నోకియా కథ గుర్తు చేసుకోవాలి. 2007లో ప్రపంచంలో అమ్ముడైన స్మార్ట్‌ఫోన్లలో దాదాపు సగం నోకియావే. వాటిలో ఉండేది సింబియన్ అనే ఓఎస్. అదే ఏడాది ఐఫోన్ వచ్చింది. మరుసటి ఏడాది తొలి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చింది. వేలితో తాకి నడిపే ఆ ఫోన్ల ముందు సింబియన్ ముసలిదైపోయింది.

2011 ఫిబ్రవరిలో నోకియా అధిపతి స్టీఫెన్ ఎలాప్ పెద్ద నిర్ణయమే తీసుకున్నారు. సింబియన్‌ను క్రమంగా పక్కనపెట్టి, మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్ ఓఎస్‌తో స్మార్ట్‌ఫోన్లు తెస్తామని ప్రకటించారు. ఆ క్షణం నుంచే లోకమంతా ఎదురుచూపులు మొదలయ్యాయి. అదే ఏడాది అక్టోబరు 26న లండన్‌లో లూమియా 800, 710 బయటికొచ్చాయి. రంగురంగుల పలకలతో తెర చూడముచ్చటగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

అసలు పండగ 2012 ఏప్రిల్‌లో. 4జీ ఎల్‌టీఈ వేగంతో లూమియా 900 అమెరికా మార్కెట్లోకి వచ్చింది. నోకియా మళ్లీ లేచి నిలబడేది దీనితోనే అన్నంత హడావుడి జరిగింది. సరిగ్గా రెండు నెలలు గడిచాయో లేదో.. జూన్ 20న మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ 8ని ప్రకటించింది. అప్పటికే అమ్మిన ఫోన్లకు అది రాదని తేల్చిచెప్పింది. లోపలి పునాదే మార్చేశారు కాబట్టి పాత ఫోన్లకు ఎక్కదట. కొత్త ఓఎస్ కోసం తయారైన యాప్‌లు కూడా పాతవాటిలో నడవవు. కంటితుడుపుగా 7.8 అనే చిన్న మార్పుతో సరిపెట్టారు.

ఏప్రిల్‌లో లూమియా 900 కొన్నవాడి చేతిలోని ఫోన్ జూన్‌కల్లా పాతబడింది. గీత పడలేదు. వేగం తగ్గలేదు. అయినా దాని భవిష్యత్తు మూసుకుపోయింది. ఆ దెబ్బతో కొన్నవారి నమ్మకం పోయింది. జనం లేని చోట యాప్ తయారుచేసేవారు ఉండరు. యాప్‌లు లేని చోటికి జనం రారు. ఈ గానుగలోంచి విండోస్ ఫోన్ చివరిదాకా బయటపడలేదు. 2019 డిసెంబరు 31తో ఆ ఫోన్లలో వాట్సప్ ఆగింది. 2020 జనవరి 14తో విండోస్ 10 మొబైల్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతూ ఆగింది.

శ్రీపెరంబుదూరులో ఆరిన దీపాలు

ఇదంతా ఎక్కడో అమెరికా, ఫిన్లాండ్ గొడవ అనుకుంటే పొరపాటే. చెన్నై - బెంగళూరు రహదారి మీద శ్రీపెరంబుదూరులో 2006లో నోకియా ఫ్యాక్టరీ మొదలైంది. ఒక దశలో సుమారు 8 వేల మందికి నేరుగా పని ఇచ్చింది. ఉత్తర తమిళనాడు పల్లెల నుంచి ఆడపిల్లలు కంపెనీ బస్సెక్కి షిఫ్టులకు వచ్చేవారు. ఇంటికి తొలి నెల జీతం తెచ్చిన మొదటి ఆడపిల్ల అనిపించుకున్నవారు వారిలో ఎందరో!

అక్కడ ప్రధానంగా తయారైనవి మామూలు ఫోన్లు. వాటిని మింగేసింది చవక ఆండ్రాయిడ్ ఫోన్లు. పైన స్మార్ట్‌ఫోన్లలో లూమియా నిలదొక్కుకోలేదు, కింద మామూలు ఫోన్లకు గిరాకీ పడిపోయింది. చివరికి 2013 సెప్టెంబరులో నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్మేందుకు ఒప్పుకుంది.

దీనికి తోడు పన్ను వివాదం. ఇందులోనూ ఉన్నది సాఫ్ట్‌వేరే కావడం గమనార్హం. ఇక్కడ తయారైన ఫోన్లలో ఎక్కించే సాఫ్ట్‌వేర్ కోసం ఫిన్లాండ్‌లోని మాతృసంస్థకు చెల్లించిన సొమ్ములో పన్ను కోయలేదన్నది ఆదాయపు పన్ను శాఖ వాదన. రూ.2 వేల కోట్ల పైచిలుకు కట్టమంది. నోకియా కాదంది. ఆస్తుల స్తంభన కారణంగా 2014 ఏప్రిల్‌లో నోకియా ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లినా శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీ మాత్రం వెళ్లలేదు. మైక్రోసాఫ్ట్ ఆర్డర్లు ఆపేసింది. వేలాది మంది స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. 2014 నవంబరు 1న ఫ్యాక్టరీ మూతపడింది. నోకియాను నమ్ముకున్న పక్క యూనిట్లూ ఒకటొకటిగా తాళాలు వేసుకున్నాయి.

ఆ సమయంలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల చేతిలో ఉన్నాయి. 2014 ఫిబ్రవరిలో ఆయన బాధ్యతలు తీసుకున్నారు. నోకియా కొనుగోలు ఆలోచనను మొదట్లో తాను వ్యతిరేకించానని తర్వాత తన పుస్తకంలో రాసుకున్నారు. 2014 జులైలో 18 వేల ఉద్యోగాల కోత ప్రకటించారు. అందులో సుమారు 12,500 నోకియా నుంచి వచ్చినవే. మరుసటి ఏడాది 760 కోట్ల డాలర్లు లెక్కల్లోంచి కొట్టేశారు. ఫోన్ల నుంచి అలా తప్పుకోవడం పొరపాటేనని, మరోలా నడిపించి ఉండొచ్చని 2023లో ఆయనే ఒప్పుకున్నారు. కంపెనీకి అది కొట్టేసిన ఒక పద్దు. శ్రీపెరంబుదూరు బస్టాండులో నిలబడ్డ పిల్లకు అది ఇంటి ఖర్చు.

ఫ్యాక్టరీ మూతకు ఓఎస్ ఒక్కటే కారణమని చెప్పలేం. పన్ను వివాదం లేకుంటే మరికొన్నాళ్లు నడిచేదేమో. కానీ ఓఎస్ పోటీలో నోకియా ఓడకుంటే దాన్ని అమ్మాల్సిన అవసరమే వచ్చేది కాదు.

ఒకచోట దీపం ఆరితే ఇంకోచోట వెలిగింది. 2015లో ఆంధ్ర - తమిళనాడు సరిహద్దులోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ఆధ్వర్యంలో షియోమి ఫోన్ల తయారీ మొదలైంది. అవి ఆండ్రాయిడ్ ఫోన్లు. అంటే గెలిచిన ఓఎస్ వెంటే పనీ నడిచొచ్చింది. మూతపడ్డ నోకియా ఫ్యాక్టరీని 2019లో ఛార్జర్లు తయారుచేసే సాల్‌కాంప్ తీసుకుంది.

ఇప్పుడు హోసూరు.. నరసాపుర

నేటి ఎదురుచూపుల్లో పెద్దవి ఐఫోన్‌వి. 2025 సెప్టెంబరు 9న ఐఫోన్ 17ను ప్రకటించారు. దాని ఓఎస్ పేరు ఐఓఎస్ 26. అంతకుముందు 18 ఉండేది.. ఏడాదిని బట్టి పేరు పెడదామని ఏకంగా 26కు దూకారు. సెప్టెంబరు 19న అమ్మకాలు మొదలయ్యాయి.

ఆ ఐఫోన్ కథలో మన ఊళ్లున్నాయి. హోసూరు దగ్గర టాటా ఎలక్ట్రానిక్స్ ప్లాంటుంది. మొదట్లో ఐఫోన్ పైభాగాలు చేసేవారు, 2025లో ఫోన్ల కూర్పు కూడా మొదలైంది. కోలారు జిల్లా నరసాపురలో విస్ట్రాన్ పెట్టిన ప్లాంటును 2023లో టాటాలే కొన్నారు. శ్రీపెరంబుదూరు దగ్గర ఫాక్స్‌కాన్ ఉండనే ఉంది. తెలుగు మాట్లాడే ఊళ్ల మధ్య ఇంత పని రావడం మంచిదే. అయితే అంతా నున్నగా సాగలేదు. జీతాల గొడవతో 2020 డిసెంబరు 12న నరసాపురలో విధ్వంసం జరిగింది. 2024 సెప్టెంబరు 28న హోసూరు ప్లాంటులో అగ్నిప్రమాదం జరిగి పని ఆగింది.

నోకియాకూ ఆపిల్‌కూ ఒక తేడా ఉంది. ఆపిల్ ఓఎస్ ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు. పాత ఫోన్లను గాలికి వదిలేయదు. 2019 నాటి ఐఫోన్ 11కు కూడా ఐఓఎస్ 26 వచ్చింది. కానీ 2007లో నోకియాను చూసినవారు కూడా ఇలాగే ధీమాగా ఉన్నారు. ఒకే కంపెనీ ఆర్డర్ల మీద ఇన్ని ఊళ్లు ఆధారపడినప్పుడు, ఆ కంపెనీ తుమ్మితే ఇక్కడ జలుబు చేస్తుంది. రాయితీలిచ్చే ప్రభుత్వాలు అక్కడ పనిచేసే పిల్లలకు ఇంకో ఫ్యాక్టరీలోనూ పనికొచ్చే నైపుణ్యం నేర్పాలి. రేపు గేటు మూసినా బస్సు ఇంకో గేటుకు వెళ్లాలి.

డబ్బాలు పోయి అక్షరాలొచ్చాయి

ఇక రెండో సంగతి తెలుగు. పదిహేనేళ్ల కిందట ఫోన్‌లో తెలుగు మెసేజ్ వస్తే చాలావాటిలో కనిపించింది వరుసగా చదరపు డబ్బాలే. అందుకే తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టడం అలవాటైంది. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1తో తెలుగు, కన్నడం, మలయాళం అక్షరాలకు చోటు దొరికింది. 2014 చివర్లో ఆండ్రాయిడ్ 5.0 వచ్చాక ఫోన్ మొత్తాన్నే తెలుగులోకి మార్చుకునే వీలొచ్చింది.

ఐఫోన్ సంగతి వేరు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరాన్ని ఒక రూపంలో పంపితే చాలు.. ఐఫోన్‌లో మెసేజ్ యాప్ కుప్పకూలేది. ప్రపంచమంతా తెలుగు అక్షరం పేరు మార్మోగింది, కానీ బాంబులా! ఆ నెల 19న 11.2.6తో దాన్ని సరిచేశారు. తప్పు అక్షరానిది కాదు, దాన్ని సరిగా గీయలేని ఓఎస్‌ది. ఐఫోన్ మొత్తాన్ని తెలుగులో చూసుకునే వీలు 2025 మార్చి 31న, 18.4తో వచ్చింది. ఆండ్రాయిడ్ కంటే పదేళ్లకు పైగా ఆలస్యం. అదే రోజు తమిళం, కన్నడం, ఒరియా, మరాఠీ కూడా వచ్చాయి. సరిగ్గా మన నాలుగు వైపులా ఉన్న భాషలు!

దీని విలువ సరిహద్దు ఇంట్లో తెలుస్తుంది. తమిళనాడులో 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరైంది. హోసూరు చుట్టుపక్కల ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని పిల్లలు ఒక తరమే తయారయ్యారు. అవ్వకు తమిళం రాదు, మనవడికి తెలుగు అక్షరం రాదు. ఇద్దరి చేతిలోనూ ఫోనుంది. అందులో తెలుగు ఉంటే, అవ్వ పక్కన కూర్చుని మనవడు ‘సెట్టింగులు’ అని కూడబలుక్కుని చదువుతాడు. బడికి ప్రత్యామ్నాయం కాదు గానీ, ఆ మాత్రం అక్షరం కంటపడటం చిన్న విషయం కాదు.

కొనేముందు మూడు మాటలు

మొదటిది.. అప్‌డేట్లు ఎన్నేళ్లు? 2023లో పిక్సెల్ 8కి గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ ఏడేళ్ల మాటిచ్చాయి. యూరప్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి చట్టమే వచ్చింది. ఒక మోడల్ అమ్మకం ఆపిన తర్వాత కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు అందించాల్సిందే. చవక ఫోన్లకు ఇక్కడ అంత భరోసా దొరకదు, అందుకే దుకాణంలో అడిగి తెలుసుకోవాలి.

రెండోది.. అప్‌డేట్లు ఆగితే ఏమవుతుంది? 2025 మే నుంచి ఐఫోన్ 5ఎస్, 6, 6 ప్లస్‌లలో వాట్సప్ ఆగింది. ఫోన్ పాడవలేదు, ఓఎస్ ముసలిదైంది అంతే. కంతుల మీద కొన్న ఫోన్ కంతులు తీరిన కొన్నాళ్లకే ఇలా అయితే నష్టం ఎవరిది?

మూడోది.. తెలుగుతోపాటు మీ పిల్లల బడి భాష కూడా అందులో ఉందా? దుకాణంలోనే సెట్టింగుల్లో మార్చి చూడాలి. రెండు నిమిషాల పని.

వేగం అక్కర్లేదని కాదు. కానీ ఎంత వేగమున్న ఫోనైనా టవర్ లేని పల్లెలో నత్తే. లూమియా 900 కూడా వేగంగానే పరుగెత్తింది.. రెండు నెలలు. ఈసారి దుకాణంలో ‘ఎప్పుడొస్తాదన్నా’తో పాటు ‘ఎన్నాళ్లుంటాదన్నా’ అని కూడా అడిగితే, జేబుకూ మేలు.. భాషకూ మేలు.