ఊరి చెరువు లెక్క మనమే చూద్దాం

డాలర్లు పంపి ఊళ్లో గుడికి రంగులేయిస్తాం, బడికి బెంచీలు కొనిస్తాం. మంచిదే. కానీ చెరువు ఏమైపోతోందో అడిగేవాళ్లేరీ?

నేను సివిల్ డిప్లొమా చదివి ఇక్కడ కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్కలు కట్టడం ఇస్రో సైంటిస్టుల పనే అనుకునేవాణ్ని. తీరా చూస్తే, అందుకు వాడే ‘గ్రాస్’ సాఫ్ట్‌వేర్‌ను 1980లలో మొదలుపెట్టింది ఇల్లినాయ్‌లో అమెరికా సైన్యానికి చెందిన నిర్మాణ పరిశోధనశాల. అంటే మన కట్టుబడి పనివాళ్లే! అది ఉచితం. 1972 నుంచి తీస్తున్న ల్యాండ్‌శాట్ చిత్రాలూ 2008 నుంచి ఉచితమే.

నీళ్లు పరారుణ కాంతిని పీల్చుకుంటాయి కాబట్టి ఆ చిత్రంలో చెరువు నల్లగా కనిపిస్తుంది. నల్లటి గళ్లు లెక్కపెడితే నీటి విస్తీర్ణం తెలుస్తుంది. ఒక్కో గడి 30 మీటర్ల చదరం, అంటే సుమారు 22 సెంట్లు. దీంతో పొలం గట్టు తగాదా తేలదు. చెరువు కుంచించుకుపోతే మాత్రం దాగదు.

అయితే తొందరపడకూడదు. కరువు ఏడాది చిత్రం ఒక్కటే చూపించి కబ్జా అంటే తప్పు. పదేళ్ల డిసెంబరు చిత్రాలు పక్కపక్కన పెట్టాలి. మా ఊరి చెరువును అలాగే చూశాను. బాగా వానలు పడ్డ ఏడు కూడా తూర్పు కొసకి నీళ్లు రాలేదు. పూడికో, ఆక్రమణో ఊళ్లోవాళ్లు వెళ్లి చూడాల్సిందే.

‘దూరంగా ఉన్నోడివి, నీకెందుకు?’ అంటారు. నిజమే, గొడవకి మనం వద్దు. ఆదివారం రెండు గంటలు కూర్చుని ఆ చిత్రాలు ప్రింటు తీసి గ్రామసభకు పంపుదాం. చందా కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.