అంటుకొనే బిళ్ల, మసకబారిన ముఖం

గత నవంబరులో నెల్లూరులో వానలు ఎడతెరిపి లేకుండా కురుస్తున్న రోజులవి. నా మేనకోడలు ఒక పెళ్లివారి కోసం పన్నెండు సెట్ల రెజిన్ కోస్టర్లు, అంటే టీ గ్లాసుల కింద పెట్టే బిళ్లలు, తయారు చేయడానికి పూనుకొన్నది. ఒక సాయంత్రం వాటిని పళ్లెంలో తెచ్చి నా ముందుంచి, "మామూ, రెండు రోజులైనా వేలికి అంటుకొంటున్నాయి. అడ్వాన్సు డబ్బంతా సరకుకే పెట్టేశాను" అన్నది. ఆమె కంఠంలో వణుకు వినిపించింది.

ఇంటిపట్టున ఉండి ఇలాంటి పని చేసుకొంటున్న సోదరీమణులు మన మధ్య పలువురున్నారు కనుక, ఆ వారం మేమిద్దరం నేర్చుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాను.

ఫైబరు పడవలు బాగుచేసే ఒక పెద్దమనిషి ఆమెకు, "హార్డెనర్ కాస్త ఎక్కువ పోయమ్మా, త్వరగా బిగుస్తుంది" అని సలహా ఇచ్చారట. ఆయన మాట ఆయన వృత్తిలో కొంతవరకు నిజమే. పడవలకు వాడేది సాధారణంగా పాలిస్టర్ రెజిన్. అందులో కలిపే కొద్దిపాటి ద్రవం చర్యను మొదలుపెట్టడానికి మాత్రమే. దానిని కొంచెం పెంచితే వేగం పెరుగుతుంది. కోస్టర్లకు వాడే ఎపాక్సీ సంగతి అది కాదు. ఇందులో రెజిన్, హార్డెనర్ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి గట్టి పదార్థంగా మారుతాయి. ఏది ఎక్కువైనా ఆ మిగులుకు జత దొరకదు. అది లోపలే మెత్తగా ఉండిపోతుంది. కనుక హార్డెనర్ పెంచడం రోగానికి మందు కాదు, రెండవ రోగం.

సీసా మీది కాగితం చదివితే అసలు పొరపాటు బయటపడింది. "తూకంలో మూడుకు ఒకటి" అని ఉన్నది. మా అమ్మాయి కొలతగ్లాసుతో మూడుకు ఒకటి పోసింది. హార్డెనర్ సాధారణంగా రెజిన్ కన్నా తేలిక. గ్లాసు కొలతలో సరిపోయినట్లు కనిపించినా, తూకంలో తక్కువ పడుతుంది. చిన్న డిజిటల్ కాటా కొన్న తరువాత ఆ చిక్కు తీరింది.

బిళ్ల అంతటా జిగటగా ఉంటే కొలతను అనుమానించాలి. అక్కడక్కడ మాత్రమే జిగట ఉంటే కలపడంలో లోపం. గిన్నె అంచులకు, అడుగుకు అంటుకొన్నది సరిగా కలవదు. మూడు నుంచి ఐదు నిమిషాలు నెమ్మదిగా, అంచులు గీకుతూ కలపాలి. మరొక గిన్నెలోకి ఒంపి ఇంకోసారి కలిపితే మరీ మంచిది. గిన్నెను బోర్లించి గీకి అచ్చులో పోయడం పొదుపు అనిపిస్తుంది గాని, ఆ చివరి చుక్కలే బిళ్లను పాడుచేస్తాయి. రంగు మోతాదు మించినా, నీటి రంగులు కలిపినా ఇదే గతి.

మచ్చ మచ్చగా జిగట ఉన్నవాటిని బాగుచేయవచ్చు. తడిగా ఉన్న భాగం గీకివేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గట్టి భాగాన్ని ఉప్పుకాగితంతో లేతగా రుద్ది, సరైన కొలతతో పలుచని పూత పోయాలి. రబ్బరులా వంగే బిళ్లను మాత్రం పారవేయడమే మేలు. దానిపై ఎన్ని పూతలు పోసినా లోపల మెత్తదనం పోదు. మేము ఐదు సెట్లు పారవేశాము. ఆమె ఆ రాత్రి భోజనం చేయలేదు.

వానాకాలంలో మరొక బెడద ఉన్నది. గాలిలోని తేమ వల్ల బిళ్లపై నూనె రాసినట్లు, తెల్లటి మసక పొర కడుతుంది. దానిని వెంటనే ఉప్పుకాగితంతో రుద్దకూడదు, పొర ఇంకా పాముకొంటుంది. ముందు గోరువెచ్చని సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. చలి గదిలో పోస్తే బిగువు ఆలస్యమౌతుంది. ఇరవై రెండు నుంచి ఇరవై ఏడు డిగ్రీల వేడి ఉంటే చాలు. చిన్న గుంటలు పడితే నూనె చేతులు, దుమ్ము కారణం. అచ్చు వైపున మసక గీతలుంటే తప్పు అచ్చుదే. ఆ ముఖం మెరవాలంటే అచ్చు కూడా మెరవాలి.

వేడి గ్లాసు వలయం పడటం గురించి కొన్నవారు తరచుగా ఫిర్యాదు చేస్తారు. మామూలు ఎపాక్సీలు చాలావరకు యాభై, అరవై డిగ్రీల దగ్గరే మెత్తబడతాయి. పొయ్యి మీది నుంచి దించిన చాయ్ అంతకన్నా వేడిది. పైగా ఇరవై నాలుగు గంటలకు అచ్చు నుంచి వచ్చినా, పూర్తిగా బిగియడానికి మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. అంతవరకు ఎవరికీ ఇవ్వరాదు. వేడి తట్టుకొనే రకం వేరుగా దొరుకుతుంది. మామూలు రకంతో చేసినవైతే ఆ సంగతి కొనేవారికి ముందే చెప్పాలి. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున ఉంచి అమ్మిన వర్తకుని ఉదంతం మా తరగతిలో ఏటా చెబుతుంటాను. అది ధాన్యానికే పరిమితమని ఎన్నడూ చెప్పలేదు.

ఇంకొక మాట. కొందరు అల్లాహ్ నామాలు వ్రాసి కోస్టర్లు చేస్తున్నారు. గోడకు తగిలించవలసిన దానిని ఎంగిలి గ్లాసు కింద పెట్టడం నాకు నచ్చదు. అలాంటి ఆర్డరు వస్తే గోడ పలకగా చేసి ఇవ్వండి.

కిటికీ తెరిచి, చేతి తొడుగులు వేసుకొని పనిచేయాలి. పచ్చి రెజిన్ చర్మానికి తగులుతూ ఉంటే అలర్జీ వస్తుంది, వచ్చాక సులభంగా వదలదు. వంట గిన్నెలు దీనికి వాడవద్దు. రుద్దేటప్పుడు తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి.

మా అమ్మాయి మరునాడే పెళ్లివారికి ఫోను చేసి, "ఏడు సెట్లు పెళ్లికి ఇస్తాను, ఐదు పది రోజులు ఆలస్యమౌతాయి" అని ఉన్నదున్నట్లు చెప్పింది. ఆ ఇంటి పెద్దావిడ కాసేపు మాట్లాడలేదట. తరువాత, "వలీమా రోజుకు ఏడూ చాలు బేటీ, మిగిలినవి నిదానంగా పంపు" అన్నదట.