పాలు, నీళ్ళపాలు

తెలుగులో ‘పాలు’ అనే మాటకు రెండర్థాలున్నవి. ఒకటి త్రాగేవి, రెండవది వంతు. తరగతిలో ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పాను గాని, ఆ రెండూ ఒక్క వాక్యంలో కలిసి మా వంటింట్లో వినబడతాయని అనుకోలేదు.

క్రితం వేసవిలో మా ఆవిడ ఇంట్లోనే పాలసబ్బు చేస్తానని కూర్చున్నది. అమ్మకు మనసొప్పలేదు. “పిల్లగాడు తాగే పాలు మోరీపాలు చేస్తవా బిడ్డా?” అన్నది. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కనుక ఆ శ్లేషకు మురిసిపోయి ఊరుకున్నాను.

పాలసబ్బులో ముఖ్యమైన కిటుకు నీళ్ళకు బదులు పాలు పోయడమే. కాస్టిక్ సోడా తడి తగలగానే భగ్గున వేడెక్కుతుంది. పచ్చిపాలలో వేస్తే పాలలోని చక్కెర మాడి, రంగు ఇటుకపొడిలా మారి, ముక్కు మూసుకోవలసిన వాసన వస్తుంది. అందుకని పాలను ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి, ఆ గడ్డలపై కాస్టిక్‌ను కొద్దికొద్దిగా చల్లాలి. అల్యూమినియం గిన్నె పనికిరాదు. కాస్టిక్ దాన్ని తినేస్తుంది. స్టీలు గిన్నె కావాలి, చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు కావాలి. ఇవన్నీ మా ఆవిడ శ్రద్ధగా చేసింది.

తప్పిపోయింది ఒక్కచోట. అరకిలో కొబ్బరినూనెకు ఎవరో చెప్పిన కాస్టిక్ లెక్క ఆమె దగ్గర ఉన్నది. ఆ రోజు కొబ్బరినూనె సగమే ఉంటే, మిగతా సగం పల్లీనూనె పోసింది. నూనె ఏదైనా నూనేగదా! లెక్క మాత్రం మార్చలేదు.

నాలుగు వారాలు ఆరిన తరువాత సబ్బులు మీగడ రంగులో ముచ్చటగా ఉన్నవి. మా చిన్నవాడికి స్నానం చేయించే పని అమ్మది. ఎందుకో ఆ రోజు ముందుగా తన చేతులు రుద్దుకుని చూచింది. కాసేపటికి, “మంటలు లేస్తున్నయి” అంటూ చేతులు నీళ్ళలో పెట్టింది. చర్మం ఎర్రబడి, రెండు రోజులు ఒలిచినట్లుండిపోయింది. ఆ చేతులే పిల్లవాడి ఒంటి మీద పడివుంటే అన్న ఊహకు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా ఊరి వైద్య పరికరాల పార్కులో, 2017లో శంకుస్థాపన జరిగిన ఆ చోటే, పనిచేసే పక్కింటి అమ్మాయి వచ్చి సంగతి విప్పి చెప్పింది. “అక్కా, ఒక్కో నూనె ఒక్కో లెక్క” అన్నది. వంద గ్రాముల కొబ్బరినూనె సబ్బుగా మారడానికి సుమారు 18 గ్రాముల కాస్టిక్ పడుతుంది. పల్లీనూనెకు 13న్నర చాలు. అందులోనూ వందకు అయిదు వంతులు తగ్గించి వేస్తే, కొంచెం నూనె మిగిలి చర్మానికి మెత్తగా ఉంటుంది. మా ఆవిడ సబ్బులో నూనెకు బదులు కాస్టిక్ మిగిలింది. ఆరబెడితే సబ్బు గట్టిపడుతుందే గాని, కొలతలో జరిగిన తప్పు ఆరిపోదు.

మరి పాలు ఏం చేసినట్లు? పాలలోని వెన్న కూడా కాస్టిక్‌తో కలిసి సబ్బే అవుతుంది. చక్కెర నురుగుకు సాయపడుతుంది. అంతే. పాలు పోశాం కనుక మెత్తగా ఉంటుందని నమ్మి, కొలతను కంటిచూపుకు వదిలేయడమే మేం చేసిన పొరపాటు. కూరలో ఉప్పు చేత్తో అంచనా వేయవచ్చు, కాస్టిక్‌కు తూకం తప్పదు.

ఇప్పుడు మా ఇంట్లో గ్రాములు చూపే తక్కెడ ఉన్నది. కాస్టిక్ డబ్బా పిల్లలకందని అటకమీద తాళం వేసిన పెట్టెలో ఉన్నది. అమ్మ ఒక షరతు పెట్టింది. పిల్లవాడు గ్లాసు ఖాళీ చేసిన తరువాతే సబ్బుకు పాలు. కొత్త సబ్బు వచ్చినప్పుడల్లా మొదట రుద్దుకునే చేతులు మాత్రం ఇప్పుడు నావి.